చుక్కలకు తావు

అమాస నాటి రాత్రి ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కితే పిట్టగోడ మీద నా నీడ పడింది. చంద్రుడు లేని రాత్రి నీడ ఎక్కడిదా అని వెనక్కి తిరిగాను. వీధి మలుపులో కొత్తగా బిగించిన ఎల్‌ఈడీ దీపం తెల్లగా, సూటిగా కళ్లలో పడుతోంది. తీగ మీది చొక్కాకూ నీడ ఉంది, నీళ్ల ట్యాంకుకూ ఉంది. ఆ దీపం వచ్చిన రోజు వీధిలో అందరం సంతోషించాం. అది లేనప్పుడు మోరీ ఎక్కడో, గుంత ఎక్కడో తెలియక ముసలివాళ్లు పడ్డ రోజులు నాకు గుర్తే. అయినా ఆ నీడ మనసులోంచి పోలేదు. అమాస నాడు మనిషికి నీడ పడే ఊళ్లో ఇక చుక్కలు ఎక్కడ నిలుస్తాయి? తలెత్తి చూస్తే లెక్కపెట్టడానికి వీలైనన్ని కనబడ్డాయి. నారాయణఖేడ్ పెద్ద నగరమేమీ కాదు. చుట్టూ పత్తి చేలు, కంది చేలు, తండాలు, నాలుగడుగులు వేస్తే కర్ణాటక. ఇంత చిన్న ఊరి నుంచి కూడా ఆకాశం కోసం ఎక్కడికో వెళ్లవలసి వస్తోందా?

చిన్నప్పుడు ఎక్కడికీ వెళ్లలేదు. ఎండాకాలం వచ్చిందంటే నులక మంచాలు వాకిట్లోకి వచ్చేవి. మా అవ్వ విసనకర్ర ఊపుతూ ఉత్తరం దిక్కుకు చూపించి ముసలమ్మ మంచం కథ చెప్పేది. నాలుగు చుక్కలు మంచంకోళ్లు, వెనకాల మూడు చుక్కలు ఆ మంచాన్ని ఎత్తుకుపోవాలని చూసే దొంగలు. వాటినే సప్తర్షులంటారని బడిలో చెప్పారు గానీ, వసిష్ఠుడి కంటే నాకు ఆ ముసలమ్మే దగ్గర. దొంగలు తెల్లారేదాకా తిరుగుతారు, మంచం మాత్రం దొరకదు అనేది అవ్వ. మంచం మీద పడుకుని మంచాన్నే చూస్తూ నిద్రపోయేవాళ్లం. మే నెలాఖరున రాత్రి పది గంటలకు మా ఊళ్లో వెల్లకిలా పడుకున్నవాడి కళ్లకు సరిగ్గా ఎదురుగా, నడినెత్తిన, స్వాతి నక్షత్రం ఉంటుంది. మా ఊరి అక్షాంశం 18 డిగ్రీలు. స్వాతి ఖగోళ మధ్యరేఖకు ఉత్తరాన 19 డిగ్రీల దగ్గర ఉండటంతో నడినెత్తికి వేలెడంత దూరంలో దాటిపోతుంది. ఇదంతా చాలా ఏళ్ల తర్వాత పుస్తకాల్లో తెలుసుకున్నాను. అప్పటికి మంచాలు లోపలికి వెళ్లిపోయాయి. ముందు ఫ్యాన్లు వచ్చాయి, తర్వాత కూలర్లు, ఆ తర్వాత దోమలకు భయపడి కిటికీలు కూడా మూసుకున్నాం. ఇక్కడే నాకు ఒక అనుమానం. ఆకాశాన్ని నిజంగా దీపాలే తీసుకుపోయాయా? దీపాల కంటే ముందే మనం వాకిలి వదిలేశాం కదా. చూసేవాళ్లు లేని ఆకాశం మసకబారితే అడిగేది ఎవరు?

అయినా వెతకడం మొదలుపెట్టాను. రాత్రి భోజనమయ్యాక బండి తీసి, తోడుకు ఒక మిత్రుణ్ణి పిలుచుకుని, ఒక్కో దిక్కూ చూడటం. మొదట తోచింది నల్లవాగు ప్రాజెక్టు కట్ట. సుల్తానాబాద్ దగ్గర ఆ కట్ట మీద నిలబడితే ఏ చెట్టూ అడ్డం లేకుండా చుట్టూ ఆకాశం దిగి వస్తుంది. ఉత్తరం దిక్కు చాలా బాగుంటుంది. కార్తీకంలో అక్కడి నుంచి దేవయాని మసకను, అంటే 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న మరో పాలపుంతను, అద్దాలేవీ లేకుండా ఉత్త కళ్లతో చూడవచ్చు. దాన్ని సూటిగా చూడకూడదు, కొంచెం పక్కకు చూడాలి. కంటి మధ్యభాగం రంగులకు పనికొస్తుంది, మసక వెలుగును పట్టేది దాని అంచు. కానీ చలికాలం అర్ధరాత్రి దాటితే నీటి మీంచి మంచు లేస్తుంది. పైగా అక్కడ నిలబడితే మన ఊరే దక్షిణాన పడుతుంది. దక్షిణాన వెలుగుంటే నాకు కుదరదు. ఎందుకంటే మా ప్రాంతానికి దక్కిన గొప్ప సంపద దక్షిణపు అంచునే ఉంది.

ఈ మాట కొంచెం వివరంగా చెప్పాలి. ధ్రువుడు ఏ ఊరికైనా ఆ ఊరి అక్షాంశమంత ఎత్తున ఉంటాడు. కాబట్టి మాకు ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. ఇటు దక్షిణాన అగస్త్య నక్షత్రం ఎంత పైకి లేచినా మాకు 19 డిగ్రీలే. ఫిబ్రవరి మొదట్లో రాత్రి పది గంటలకు బయలు నేల మీద నిలబడితే ముందు అగస్త్యుడు, వెనక ధ్రువుడు, ఇద్దరూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటారు. లండన్‌లో ఉన్నవాడికి అగస్త్యుడు ఎప్పటికీ కనబడడు. ఆస్ట్రేలియాలో ఉన్నవాడికి ధ్రువుడు ఎప్పటికీ కనబడడు. మనకు ఇద్దరూ సమానంగా దక్కారు. మే నెలలో చీకటి పడ్డాక త్రిశంకు కూడా దక్షిణపు అంచున పిడికిలి పైన నిలబడి పోతుంది. ఒక పిడికిలి, రెండు పిడికిళ్ల ఎత్తులో ఉన్నవాటిని చూడాలంటే దక్షిణం పూర్తిగా చీకటిగా ఉండాలి. ఊరి వెలుగు మొదట మింగేది ఆ అంచునే.

అందుకని ఊరికి దక్షిణంగా, మనూరు వైపు వెళ్లాలని తేలింది. ఊరి దీపాలు వీపు వెనక పడతాయి, ముందు మంజీర. కంది కోతలయ్యాక ఆ చేలు ఖాళీగా, చదునుగా ఉంటాయి. నది ఒడ్డు దాకా మాత్రం పోవద్దు, మంజీరలో మొసళ్లున్నాయి. ఒడ్డుకు చాలా దూరంగా, బాట పక్కన ఒక చేను గట్టు మీద కూర్చుంటే చాలు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఆ అరగంటా ఫోను తీయకూడదు. నిజాంపేట దగ్గర 161వ జాతీయ రహదారి పక్కన కూర్చుని ప్రయత్నిస్తే ఇదే ఇబ్బంది: లారీ హెడ్‌లైటు ఒక్కసారి కళ్లలో పడితే కళ్లు మళ్లీ మొదటి నుంచి అలవాటు పడాలి. నాగల్‌గిద్ద వైపు నేల బాగుంటుంది గానీ బీదర్ దగ్గరైపోతుంది. ఇలా తిరగగా తిరగగా ఊళ్లను వాటి వెలుగుతో గుర్తుపట్టడం వచ్చేసింది. పడమట నుంచి నైరుతి దాకా పరుచుకుని బీదర్, దక్షిణాన జహీరాబాద్, వంద కిలోమీటర్లు దాటి ఉన్నా ఆగ్నేయాన అంచు మీద పాలిపోయిన తెరలా హైదరాబాదు. ఎంత దూరం వెళ్లినా హైదరాబాదు మనల్ని వదలదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా పారిశ్రామిక మండలం రాబోతోంది. అది సరిగ్గా మంజీరకు అవతల, నేను అగస్త్యుణ్ణి చూసే దిక్కున. ఫ్యాక్టరీలు వద్దనే హక్కు నాకు లేదు. ఆ మండలాల పిల్లలకు ఉద్యోగాలు కావాలి. కానీ అక్కడ వెలిగే వేల దీపాలు నేలకు వెలుగిస్తాయా, ఆకాశానికి వెలుగిస్తాయా అని ఇప్పుడే అడగకపోతే ఎప్పుడు అడుగుతాం?

ఆ గట్టు మీదే ఒక రాత్రి ఒక రైతు మా దగ్గరికి వచ్చాడు. పొలాల్లో రాత్రిపూట ఎవరో కూర్చున్నారని అనుమానంతో వచ్చినట్టున్నాడు. సంగతి చెప్పాక బీడీ ముట్టించబోయి, మా కళ్లకు ఇబ్బందని తెలిసి ఆగిపోయాడు. పక్కన కూర్చుని, “సుక్కల కోసం గింత దూరం వచ్చిండ్రా సారూ?” అన్నాడు. కాసేపు పైకి చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు: “నేను గూడ రాత్రిళ్లు గీడనే కూసుండేటోన్ని. కరెంటు ఎప్పుడొస్తదా అని. రెండు గంటలకొస్తే రెండు గంటలకు పోయి మోటరు పెట్టాలె. గట్లనే మా తమ్మునికి పాము కరిచింది. దక్కలే సారూ. చీకటంటే మీకు బాగుంటది గని, మాకు గాదు.” నాకు మాట రాలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక పగలే మోటార్లు పెట్టుకోవడం మొదలైంది. అంతకుముందు వంతులవారీ కరెంటుకు రాత్రుళ్లు పొలానికి నడిచినవాళ్లలో ఎంతమంది పాముకాటుకు, కరెంటు షాకుకు పోయారో ఊరూరా ఇళ్లకు తెలుసు. ఆ చీకటినే నేను వెతుక్కుంటూ వచ్చాను. అది నాకు దొరికిన సంపదా? ఇంకొకరు కట్టిన ధరా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా చుక్కల గురించి రాయడం నాకు తప్పనిపిస్తుంది. ఆయన తమ్ముడు పోయింది చీకటి వల్లేనా, అర్ధరాత్రి కరెంటు ఇచ్చిన పద్ధతి వల్లా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పద్ధతి వల్లే అని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. అయితే ఆ మాట ఆయన ముందు అనగలిగేవాణ్ణి కాదు.

చీకటి కోసం ఊళ్లు మారినవాళ్లు మనకంటే ముందే ఉన్నారు. నవాబు జాఫర్ జంగ్ 1901లో హైదరాబాదు ఫిసల్‌బండలో దూరదర్శిని పెట్టి వేధశాల మొదలుపెట్టాడు. ఆయన తర్వాత అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, నిజామియా అబ్జర్వేటరీగా బేగంపేటకు చేరింది. అప్పట్లో ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని ఫోటో పటం గీస్తున్నాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాదు వాటాకు వచ్చింది. బేగంపేటలో కూర్చున్నవాళ్లు గాజు పలకల మీద 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టికలు అచ్చు వేశారు. బేగంపేటలో! ఇవాళ ఆ పేరు వింటే ఫ్లైఓవర్లే గుర్తొస్తాయి. నగరం చుట్టూ కమ్ముకున్నాక ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇబ్రహీంపట్నం అవతల జాపాల, రంగాపూర్ ఊళ్ల మధ్య గుట్ట వెతుక్కుని, 1968 నాటికి 48 అంగుళాల దూరదర్శిని నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే చూశారు. ఇప్పుడు ఆ దిక్కుకూ నగరం నడిచి వస్తోంది. నిజామియాలో పనిచేసిన ఒకాయన కొడుకు, హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుకున్న వైణు బాపు, 1949లో తన పేరు మోసే తోకచుక్కను కనిపెట్టాడు. తర్వాత చాలా చోట్ల వెతికి తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నాడు. ఎక్కడ మంచి ఆకాశం దొరుకుతుందా అని కొండలెక్కి దిగిన ఆ మనిషిని తలుచుకుంటే, మిత్రుణ్ణి బండి వెనక కూర్చోబెట్టుకుని మనూరు బాట పట్టే నాకు ధైర్యంగా ఉంటుంది. చివరికి 2022లో లద్దాఖ్‌లోని హాన్లేను చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ ఊరివాళ్లే కిటికీలకు పరదాలు కట్టి, దీపాలు కిందికి వంచి ఆకాశాన్ని కాపాడుతున్నారు. మంచిదే. కానీ ఫిసల్‌బండ నుంచి హాన్లే దాకా చీకటి ఇలా దూరం జరిగిపోతూ ఉంటే, నారాయణఖేడ్ పిల్లవాడు లద్దాఖ్ దాకా వెళ్లి ముసలమ్మ మంచం చూడాలా?

2023లో వచ్చిన ఒక అధ్యయనం, ప్రపంచం నలుమూలల మామూలు మనుషులు పన్నెండేళ్లపాటు కళ్లతో చూసి పంపిన లెక్కల ఆధారంగా, రాత్రి ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోందని తేల్చింది. ఈ లెక్కన 250 చుక్కలు కనబడే చోట పుట్టిన బిడ్డ పద్దెనిమిదేళ్లకు వచ్చేసరికి వంద మాత్రమే చూస్తుంది. కారణం అర్థం కానిదేమీ కాదు. పాత సోడియం దీపాలు పచ్చగా ఉండేవి. ఇప్పటి తెల్ల దీపాల్లో నీలం పాలు ఎక్కువ, నీలం గాలిలో బాగా చెదురుతుంది. పగలు ఆకాశాన్ని నీలంగా చేసేది కూడా ఆ గుణమే. అందులోనూ దీపం పక్కలకు, పైకి వెలిగిందంటే ఆ వెలుగు ఎవరి కాలికీ దారి చూపదు, అంతా వృథా. కిందికి వంచి, పైన చిన్న మూత పెట్టి, కాస్త పచ్చని రంగు ఎంచుకుంటే మోరీ కనబడుతుంది, గుంత కనబడుతుంది, పాము కనబడుతుంది, చుక్కలూ కనబడతాయి. ఇంత సులువైనది ఎందుకు జరగదు? ఎవరూ అడగలేదు కాబట్టే అనుకుంటాను.

అడగాలంటే ముందు చూడాలి. చూపు మనకు లేనిది కాదు, ఎక్కడో తెగిపోయింది, అంతే. ఆ రైతుకు కార్తెలన్నీ నోటికి వచ్చు. రోహిణిలో దున్ని, మృగశిరలో విత్తనం పట్టి, ఆరుద్రలో వాన కోసం చూసేవాడు. మరి మృగశిర ఏదో చూపించమంటే పైకి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇందులో ఆయన లోపం ఏమీ లేదు. మృగశిర కార్తెలో మృగశిర కనబడదు. సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర నిలబడి ఉండే రోజులవి, పగటి వెలుగులో అది మునిగిపోయి ఉంటుంది. దాదాపు కార్తెలన్నీ అంతే, ఏ నక్షత్రం కనబడదో ఆ నక్షత్రం పేరే ఆ రోజులకు పెట్టారు. ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. కనబడని నక్షత్రం దగ్గర సూర్యుడు ఉన్నాడని చెప్పాలంటే, ఏడాది పొడవునా తెల్లవారుజామున ఏది పొడిచింది, సాయంత్రం ఏది కుంగింది అని ఎవరో తరతరాలుగా కాపలా కాసి ఉండాలి. పంచాంగం అచ్చు అయ్యాక ఆ కాపలా అవసరం తీరిపోయింది. వాన లెక్కలు మిగిలాయి, చుక్కలు పోయాయి. ఆ రాత్రి పత్తి చేను మీద నడినెత్తి దగ్గర ఉన్న మూడు చిన్న చుక్కల గుంపును చూపించి మృగశిర అంటే, ఆయన లేచి నిలబడి చూశాడు. “గింత చిన్నగున్నదా?” అన్నాడు. ఆ గొంతులో నిరాశ లేదు, ఎరిగిన మనిషిని మొదటిసారి కలిసినప్పటి ఆప్యాయత ఉంది.

ఇంకొక సంగతి నన్ను మరింత ఇబ్బంది పెట్టింది. నేనూ మిత్రుడూ మగవాళ్లం కాబట్టి అర్ధరాత్రి చేను గట్టు మీద కూర్చోగలిగాం. మా చెల్లెలు వస్తానంటే నేనే వద్దన్నాను, అమ్మ అయితే అమాస పూట గడప దాటొద్దంది. చుక్కలు బాగా కనబడేది ఆ రాత్రే, ఇంట్లోవాళ్లు బయటికి పోవద్దనేదీ ఆ రాత్రే. సగంమంది మనుషులు రాలేని చోటును మంచి చోటు అని ఎలా అంటాం? ఆకాశం చూడటానికి చీకటి ఒక్కటే సరిపోదు, తోడు కావాలి. నలుగురు ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు నిర్భయంగా రాగలిగే చీకటి కావాలి. అలాంటి రాత్రి మన దగ్గర ఉందా అని వెతుకుతుంటే పంచాంగంలోనే దొరికింది. శివరాత్రి.

మాఘ బహుళ చతుర్దశి. చంద్రుడు తెల్లవారే ముందు సన్నని గీతలా వస్తాడు, అంతదాకా ఆకాశం ఖాళీ. కంది కోతలైపోయి చేలు తెరిచి ఉంటాయి, ఎముకలు కొరికే చలి పోయి ఉంటుంది, వానమబ్బు ఉండదు. ఊరంతా జాగారం, ఎవరూ ఎవర్నీ పడుకోమనరు, గడప దాటొద్దనరు. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరానికీ, ఏడుపాయలకూ జనం వెళ్తారు. అక్కడ జాతర దీపాలుంటాయి. కానీ ప్రతి ఊళ్లోనూ చిన్న శివాలయం ఉంటుంది, మేలుకుని పొద్దు పోక కూర్చున్న పిల్లలుంటారు. ఆ రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల మధ్య దక్షిణాన అగస్త్యుడు, ఉత్తరాన ధ్రువుడు సమానంగా నిలబడతారు. పడమటికి వాలుతూ కృత్తికలు, రోహిణి, వాటి వెనక మృగశిర, ఆరుద్ర. అర్ధరాత్రికి మఖ నెత్తి మీదికి వచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత దక్షిణాన త్రిశంకు, ఉత్తరాన ముసలమ్మ మంచం, వెనకే దొంగలు. నాలుగు గంటలకు అటూఇటూగా నడినెత్తిన స్వాతి, ఆగ్నేయాన ఎర్రగా జ్యేష్ఠ, దాని పక్క నుంచి లేచే పాలవెల్లి. అంటే రోహిణి దుక్కి మొదలు కోతల దాకా రైతు బతికే కార్తెలన్నీ ఆ ఒక్క రాత్రి వరసగా తల మీంచి నడిచిపోతాయి. జాగారం చేసేవాళ్లు ప్రతి ఏడూ వాటి కిందే కూర్చుంటున్నారు.

మనూరు వైపు ఒక ఊరి బడి మైదానం చూసి వచ్చాను. దక్షిణాన చెట్లు లేవు, గుడి కూతవేటు దూరం. మైదానం మూలన రెండు దీపాలున్నాయి, వాటి స్విచ్ పంచాయతీ వాళ్ల దగ్గర ఉంది. పూర్తిగా ఆర్పమని అడగను, దారి వైపు దీపం ఉండాలి. మైదానం వైపు దానికి మూత వేయిద్దామని హెడ్మాస్టరు అన్నారు. చెల్లెలు ఈసారి వస్తోంది. అమ్మ కూడా ఒప్పుకుంది, ఉపవాసం కదా, ఎట్లాగూ నిద్ర ఉండదంది. కార్తెల పేర్లు పిల్లలకు చెప్పేది మాత్రం నేను కాదు. ఆ రైతును అడిగాను, “నాకు పేర్లే తెలుసు గద సారూ” అన్నాడు. ఏది ఎక్కడుందో చూపించేందుకు నేను పక్కన ఉంటానని, ఏ కార్తెకు ఏ పని చేయాలో ఆయన చెప్పాలని ఒప్పందం కుదిరింది.